రొండిన దోపిన గాజుగొట్టం

రేపల్లెలో రైలు కదలక ముందే ఆ పెట్టె ముప్పాతిక ఖాళీ అయింది. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే ముక్కుకి కొంగో జేబురుమాలో అడ్డం పెట్టుకుని, గోనెపట్టా కప్పిన గంప వైపు ఒకసారి, దాని పక్కన కూర్చున్న వేదవతి వైపు ఒకసారి చూసి, కళ్ళద్దాలు పెట్టుకున్న చదువుకున్న ఆడమనిషికి ఇదేం ఖర్మ అనుకుంటూ పక్క పెట్టెలోకి పోయారు. పోతే పోనీ. వాళ్ళకి వచ్చిన వాసన ఒక్కటే, తనకి వస్తున్నవి రెండు. ఒకటి గంపలోంచి, అది రాబందుది. రెండోది తన నడుం దగ్గర్నించి, చీర కుచ్చెళ్ళ పక్కన రొండిన దోపుకున్న గాజుగొట్టంలోంచి. దానికి రబ్బరు బిరడా బిగించి ఉంది, బిరడా మీద మైనం పూసి ఉంది, వాసన బయటికి రావడానికి వీల్లేదు. వస్తోంది. పదిహేనేళ్ళుగా వస్తోంది, తలస్నానం చేసిన రోజు కూడా, మల్లెపూలు పెట్టుకున్న రోజు కూడా, ఇంకెవరికీ రాకుండా తనొక్కదానికే వస్తోంది.

దగ్గర్లో ఉన్నవాళ్ళలో ఒక్క మనిషి మాత్రం కదల్లేదు. ఎదుటి బల్ల మీద, ఎండుచేపల గంప కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్న ముసలావిడ. ఆ సరుకు మధ్య పెరిగిన ముక్కుకి ఇంకో వాసన ఏం లెక్క. "ఏంటమ్మాయ్ గంపలో? బాతా?" అంది. "కాదు పిన్నీ, రాబందు." "ఓరి నాయనో! ఇంకా ఉన్నాయా అయ్యి?" అని బుగ్గలు నొక్కుకుని, తన పేరు నాగేశ్వరమ్మ అనీ, అడవులదీవి నుంచి వస్తున్నాననీ, తెనాలిలో సరుకు దింపేసి రేపు పొద్దుటి బండికి వెనక్కి వెళ్ళిపోతాననీ ఒక్క గుక్కలో చెప్పేసింది. అడవులదీవి అన్న మాట వినగానే వేదవతి తల కిటికీ వైపు తిప్పుకుంది. మా అమ్మ అక్కడి బడిలో చేసేదండి, సుందరమ్మ టీచరంటే మీకు తెలిసే ఉంటుంది, అని అనొచ్చు. అంటే, ఇప్పుడెక్కడ ఉన్నారమ్మా అని అడుగుతుంది. ఆ ప్రశ్నకి వేదవతి దగ్గర జవాబు ఉంది, రొండిన వెచ్చగా ఉంది, కానీ నలుగురికీ చెప్పే జవాబు కాదు.

రైలు కదిలింది. గోనె కింద చెయ్యి పెడితే పక్షి రొమ్ము ఎముక కొడవలి వీపులా తగులుతోంది, దాని మీద కండ లేదు. బతికే ఉంది, ఇంకా. రాబందుకి అజీర్ణం ఏమిటి అని లోకం నవ్వుతుంది, చచ్చి ఉబ్బిన గేదెని తిని హరాయించుకునే జాతి కదా. కానీ హరాయించుకునేది పక్షి ఒక్కటే కాదు. దాని పేగుల్లో కాపురం ఉన్న సూక్ష్మజీవులు. మనిషి ఒంట్లో పడితే మనిషిని పాడె ఎక్కించేవే, అక్కడ మాత్రం ఇంటి మనుషుల్లా వండి వారుస్తాయి, బయటి విషాన్ని గుమ్మంలోనే ఆపుతాయి. తల్లి కక్కి పెట్టిన ముద్దతో పిల్లకి వస్తాయి, మందలో ఒకదాని పక్కన ఒకటి తింటుంటే దీనిది దానికి, దానిది దీనికి అందుతాయి, పొరుగింటి మజ్జిగ చుక్కతో మన పాలు తోడుకున్నట్టు. దీని లోపల ఆ చుక్క లేదు. ఇంకో రాబందు ఉంటే దాని రెట్ట తెచ్చయినా పెట్టొచ్చు. ఎక్కడుంది ఇంకో రాబందు? బాపట్ల నుంచి నిజాంపట్నం దాకా కాలవగట్ల మీద పశువు చచ్చి పడి ఉంటే దిగేది లేదు, కుక్కలు తప్ప. ఎందుకు పోయాయో ఎవరూ చెప్పలేకపోతున్నారు, ఈ నాలుగైదేళ్ళలో ఆకాశాన్ని ఎవరో ఊడ్చి పెట్టారు. మిగిలింది గంపలో ఇది. దీనికి కావలసిన చుక్క మిగిలింది తన రొండిన. గొట్టం ఒక్కటే ఉంది, పోస్తే ఇక లేదు. పొయ్యాలి కదా, మైక్రోబయాలజీ పాఠం చెప్పే మనిషి ఆలోచించాల్సింది ఏముంది ఇందులో. రేపల్లెలోనే పొయ్యాల్సింది. తీరా అక్కడికి వెళ్ళాక చెయ్యి రొండి మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది. మందు తెనాలిలో ఉంది, తీసుకెళ్ళి వేస్తాను అని పక్షిని సాకుతున్న అమీనా బీతో అబద్ధం ఆడి, గంప ఎత్తుకుని వచ్చేసింది.

పాపం అమీనా బీ. తెనాలిలో తను పాఠం చెప్పే కాలేజీ లాబ్‌లో అటెండరు వలికి పెద్దమ్మ అవుతుంది. ఆవిడ భర్త తోళ్ళ వ్యాపారి, ఆయన పోయాక గోదాము ఖాళీగా ఉండిపోయింది. వానల్లో ఈ పక్షి ఆ గోదాము రేకుల మీద పడింది, రెక్కకి గాయంతో. ఎవరో కాంపౌండరు చీము పట్టకుండా గొట్టం మాత్రలు ఇచ్చాడు, అవి విప్పి నీళ్ళలో కలిపి పట్టింది. గాయం మానింది. మంచి మందే కదా, ఇంకొన్నాళ్ళు వేద్దామని మానకుండా వేసింది. గాయంలోవాటితో పాటు పేగుల్లోవీ చచ్చాయి. అంతటితో ఆగితే ఎలాగో ఉండేది. "పసిదానికి పచ్చిది ఎట్టా పెడతానమ్మా? పసుపేసి, ఉప్పేసి, మెత్తగా ఉడకబెట్టి పెడతన్నాను. నీళ్ళు కూడా కాచి చల్లార్చినయ్యే. నేల రోజూ ఫినాయిలేసి కడుగుతన్నా" అని ఎంతో గర్వంగా చూపించింది. జిల్లా మొత్తం మీద అంత శుభ్రంగా బతికిన రాబందు ఉండదు. తిన్నది తిన్నట్టే కింద పడుతుంటే, ఇంకా మెత్తగా ఉడకబెట్టింది ఆ తల్లి. తిని తిని చిక్కి, నిన్నటి నుంచి తినడమే మానేసింది. మీరే చంపుతున్నారండీ అని ఎవరు చెబుతారు ఆ మొహం చూసి? వేదవతి చెప్పలేదు. దారిలోకి పచ్చి కార్జం ముక్కలు కావాలంటే, "పచ్చిదా? దీనికా?" అని ఆవిడ నొచ్చుకుంటూనే బాదం ఆకులో పొట్లం కట్టి ఇచ్చింది. ఆమెని అక్కడికి పిలుచుకొచ్చి, తను సాయంత్రం బండికి వస్తానన్న వలి పక్కన నిలబడి నవ్వాడు. ఈ మేడం ఉల్లిపాయ కూడా ముట్టదు పెద్దమ్మా, కానీ లాబ్‌లో మాంసం కైమా కొట్టి పులుసు పెడుతుంది అన్నాడు.

పులుసే. పేరు ఏదైనా పులుసే. మాంసం ముక్కలు వేసి, కాచి, వడకట్టకుండా గొట్టాల్లో పోస్తే, గాలి తగలని అడుగున రాబందు పేగుల్లోని ఆ సూక్ష్మజీవులు బతుకుతాయి. అమ్మ చూస్తే ఏమనేదో. అమ్మకి చేతుల పిచ్చి. బడిలో సోమవారం పొద్దున్నే పిల్లలందరి చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది, గోళ్ళు పెరిగితే తనే కత్తిరించేది. కంటికి కనిపించనివి ఉంటాయిరా అక్కడ, కోటానుకోట్లు, అనేది. కనిపించనివి ఉన్నాయని ఎట్టా తెలుసు టీచర్ అని ఒక పిల్ల అడిగితే, అన్నం ఎలా పాచిపోతుందో చెప్పు మరి, ఎవరో ఒకరు తింటేనేగా అంది. ఎవరో ఒకరు తింటేనే. రైలు పల్లికోనలో ఆగింది, కదిలింది, ఎవరూ ఎక్కలేదు. పొలాల్లో వరి పసుపుకి తిరుగుతోంది, గట్ల మీద నీరెండ పడుకుని ఉంది, ఇంత అందమైన మధ్యాహ్నం మీద ఇలాంటి ఆలోచనలు వాలడం ఏమిటి. కానీ నవంబరు నెల అంటేనే అంత. డెబ్భై ఏడులో కూడా వరి ఇలాగే పసుపుకి తిరిగి ఉంది, ఉప్పెన వచ్చేదాకా.

తనప్పుడు బాపట్లలో చదువుకుంటోంది. అమ్మ శుక్రవారం వచ్చి చూసి, శనివారం బడి ఉందని ఆ సాయంత్రమే అడవులదీవి వెళ్ళిపోయింది. శనివారం సముద్రం లేచింది. నీళ్ళు తీశాక బాబాయి కామేశ్వరరావుతో వెళ్ళింది వెతకడానికి. దారి లేదు, గట్టు ఉంది, గట్టు మీద నడిచారు, గట్టుకి రెండు పక్కలా ఉన్నవాటిని చూడొద్దని బాబాయి తన ఉత్తరీయం తీసి ఆమె తల మీద కప్పాడు. ఉత్తరీయం పలచన. చూసింది. మనుషులూ పశువులూ కలిసి పడి ఉన్నారు, వాటి మీద రాబందులు, ఎక్కడెక్కడినించి వచ్చాయో, ఈ ప్రపంచంలో అన్ని రాబందులు ఉన్నాయని అప్పుడే తెలిసింది. బడి ఉన్నచోట నాలుగు మెట్లు ఉన్నాయి, బడి లేదు. మెట్ల మీద ఒకటి కూర్చుని ఉంది. బాబాయి కేకలేసి మట్టిబెడ్డ విసిరాడు. అది ఎగరలేకపోయింది. కడుపు అంత నిండి ఉంది. రెక్కలు ఈడ్చుకుంటూ, తప్పతాగినవాడిలా తూలుతూ కొంచెం దూరం పరిగెత్తి, ఆగి, వెనక్కి తిరిగి ఆమెనే చూసింది. బాబాయిని కాదు, ఆమెని. పోల్చుకుంటున్నట్టు చూసింది. ఆ చూపు ఇప్పటికీ వీపు మీద ఉంటుంది వేదవతికి, స్నానం చేస్తుంటే, బోర్డు మీద రాస్తుంటే.

అమ్మ దొరకలేదు. దొరకనివాళ్ళకి దర్భలతో బొమ్మ చేసి దహనం చేస్తారు, దానికీ ఒక పద్ధతి ఉంది, బాబాయి అమృతలూరు నుంచి ఏడాదికోసారి వచ్చి ఆ పద్ధతి గుర్తు చేసి వెళతాడు. "ఎన్నాళ్ళని ఇట్టా ఉంచుతావమ్మా వదినని? ఒప్పుకుంటే నేనే చేస్తాను." "అమ్మ లేదని ఎవరన్నారు బాబాయ్?" అంటుంది తను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు, పిచ్చిపిల్ల, ఏ ఊళ్ళోనో మతి తప్పి తిరుగుతోందని ఆశ పెట్టుకుంది అనుకుంటాడు. అంత తెలివితక్కువ ఆశ కాదు బాబాయ్ నాది. అంతకన్నా చాలా భయంకరమైనది.

ఎనభై ఒకటిలో, బాపట్లలో పరిశోధన చేస్తున్నప్పుడు, పిట్టలవానిపాలెం దగ్గర కరెంటు తీగలకి తగిలి చచ్చిన రాబందుని ఎవరో రిక్షాలో వేసుకొచ్చారు. మిగతావాళ్ళు ముక్కు మూసుకుని బయటికి పోతే తనే కోసింది. పేగు వెచ్చగా ఉంది. చచ్చి పూట గడిచిన పక్షి పేగు వెచ్చగా ఎందుకు ఉంటుంది? లోపలివాళ్ళు పని మానలేదు కనక. ఆ పేగులోంచి తీసి పులుసు గొట్టంలో వేసింది. మర్నాటికి పులుసు మసకబారింది, మాంసం ముక్కలు గులాబీరంగుకి తిరిగాయి, అడుగునించి ఒక బుడగ లేచి పైకి వచ్చి పగిలింది. అప్పుడు వచ్చింది ఆ ఆలోచన. కుర్చీలో కూర్చోబెట్టేసింది. మనిషి చనిపోతుంది. పక్షి చనిపోతుంది. వీటికి మాత్రం మనలాంటి చావు లేదు. తల్లి పోయి పిల్ల మిగలడం ఉండదు, తల్లే రెండవుతుంది, ఆ రెండూ నాలుగవుతాయి, తిన్నదే ఒళ్ళుగా మారి చీలుతూ పోతుంది. అయితే నాలుగేళ్ళ కిందట గట్టు మీద తిన్నవి ఇవే. ఇవే అంటే వీటి మనవలు కాదు, ఇవే. అమ్మని తిన్నవి. అమ్మ అయినవి. ఈ పక్షి ఆ మందలోదే అని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కాదని ఎవరు చెప్పారు?

అప్పట్నించి పెంచింది. తెనాలిలో ఉద్యోగం వచ్చినప్పుడు గొట్టాలు చీరల మధ్య పెట్టుకుని తెచ్చుకుంది. పాత పులుసులోంచి కొత్త పులుసులోకి, దాంట్లోంచి ఇంకో కొత్తదాంట్లోకి, పెళ్ళిచూపులు తప్పించుకుని ఒకసారి, జ్వరంతో ఒకసారి, తొంభైలో తుఫాను గాలికి లాబ్ కిటికీ ఊడి పడినప్పుడు గొట్టాల స్టాండు ఒళ్ళో పెట్టుకుని బల్ల కింద కూర్చుని ఒకసారి. సాయంత్రాలు అందరూ వెళ్ళాక గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఆ రోజు ఏం జరిగిందో చెప్పేది. బుడగ లేస్తే విన్నట్టు. రెండు లేస్తే నచ్చనట్టు. ఇదంతా చదువుకున్న మనిషి చేసే పనేనా అని తనని తాను తిట్టుకోని రోజు లేదు, మానిన రోజూ లేదు. ఈ దసరా సెలవుల తరవాత ఇన్‌స్పెక్షన్ వస్తోందని వలి లాబ్ అంతా వేణ్ణీళ్ళతో కడిగాడు. కంపు కొడుతున్న పాత గొట్టాలన్నీ పారబోసి, తళతళా తోమి, బోర్లించి పెట్టి, "చూడండి మేడమ్, అద్దాల్లా ఉన్నాయి" అన్నాడు. ఏమంటుంది. బావుంది వలీ అంది. బీరువా వెనక పడి మిగిలిపోయిన గొట్టం ఒక్కటే ఇది. దాంట్లోంచి కొత్త పులుసులోకి వేస్తే కొత్త పులుసు మసకబారలేదు. మళ్ళీ వేసింది. తేటగా, తాగేయొచ్చు అన్నంత తేటగా ఉండిపోయింది. ఇక మిగిలింది అడుగున బొటనవేలి గోరంత మడ్డి. కరెంటు నిలకడగా ఉండటం లేదని వెచ్చదనం కోసం రొండిన దోపుకుంది, రాత్రీ పగలూ, ఒంటికి ఆనించి. అమ్మ తనని మోసిన చోటికి కొంచెం అటూ ఇటూ.

భట్టిప్రోలు దాటింది. రైలు ఊపుకి గోనె జారి పక్షి తల బయట పడింది. బోడి మెడ, ముడతలు, వంకర ముక్కు. కన్ను తెరిచే ఉంది. ఆ కన్ను ఆమె మొహం వైపు కాదు, నడుం వైపు ఉంది. మాంసం పొట్లం ఎడంపక్క సంచిలో ఉంది, అటు చూడటం లేదు. వేదవతి నెమ్మదిగా గొట్టాన్ని కుడి రొండి నుంచి తీసి ఎడమ రొండిన దోపుకుంది. పక్షి తల నెమ్మదిగా అటు తిరిగింది. మళ్ళీ మార్చింది. మళ్ళీ తిరిగింది. వాసన పట్టి ఉంటుంది అని తనలోని లెక్చరరు అంది. బిరడా ఉంది కదా, మైనం ఉంది కదా, రాబందు చూపుతో వెతికే పక్షి కదా అని ఇంకెవరో అన్నారు. అప్పుడే కడుపుకి ఆనిన గాజులో ఏదో కదిలింది. కొత్త పులుసులో లేవని బుడగ, పదిహేను రోజులుగా లేవని బుడగ, బుళుక్కుమని లేచి పగిలింది. రైలు చప్పుడులో అది వినపడటానికి వీల్లేదు. వినపడింది. వెంటనే ఇంకొకటి. పిలిస్తే పలికినట్టు. ఎవరు ఎవరిని పిలిచారు? తనని కాదు. పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా తను పిలిచినందుకు ఇంత తొందరగా పలకలేదు. వేదవతికి అసూయ పుట్టింది, చచ్చిపోతున్న పక్షి మీద, కళ్ళు మండేంత అసూయ.

సగం పోస్తే? సగం దానికి, సగం నాకు. గోరంత మడ్డిలో సగం ఏమిటి, ఆ ఎముకల గూడులో వేళ్ళూనడానికి మొత్తం పోసినా చాలుతుందో లేదో. పొయ్యకుండా ఇలాగే తెనాలి వెళితే? పక్షి పోతుంది. పోతే, చచ్చిన పక్షిని వలి పాతిపెడతాడు, తను గొట్టం తీసుకుని ఇంటికి వెళుతుంది, రాత్రి వెలుతురుకి ఎత్తి పట్టుకుని చెబుతుంది, నిన్ను ఇవ్వలేదమ్మా, దాచుకున్నాను అని. బుడగ లేస్తుందా? ఒకసారి మాత్రమే అమ్మని ఏడుస్తుండగా చూసింది, బడిలో మధ్యాహ్నం ఒక పిల్ల ఆకలికి సొమ్మసిల్లి పడిపోయిన రోజు. ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి పెట్టి వచ్చి, ఆ రాత్రి తల్లీ కూతుళ్ళిద్దరూ మంచినీళ్ళు తాగి పడుకున్నారు. మనకి రేపు దొరుకుతుందిలేవే అంది. కొత్త పులుసు తేటగా ఎందుకు ఉండిపోయిందో ఇప్పుడు అర్థమైంది వేదవతికి. పదిహేనేళ్ళు గాజులో కాచిన కూడు పెట్టి కూర్చోబెట్టింది. ఒక కడుపులో, చీకట్లో, నెత్తురు వేడిలో, ఆకాశంలో తిరుగుతూ బతకాల్సినవాటిని. అమీనా బీ గోదాము ఎంత శుభ్రమో తన బీరువా అంత శుభ్రం. ఆవిడ పక్షిని ప్రేమించినట్టే తనూ ప్రేమించింది.

వేమూరు వచ్చేసరికి పక్షి తల వాలిపోయింది. కంటి మీదికి పాలమీగడ లాంటి పొర జరిగింది, సగం జరిగి ఆగింది. "అమ్మాయ్, పోతన్నట్టుందే" అంది నాగేశ్వరమ్మ. వేదవతి రొండిలోంచి గొట్టం తీసింది. గోటితో మైనం గీకింది. మైనం గోరు కిందికి ఇరుక్కుంటోంది. బిరడా తియ్యగానే అది టప్పుమని దానంతటదే ఎగిరింది, వాసన లేచింది. నీళ్ళు తీశాక గట్టు మీద ఉన్న వాసన, అదే, ఏమీ తగ్గకుండా, పంతొమ్మిదేళ్ళు ఎక్కడా ఆగకుండా నడిచి వచ్చినట్టు. చివరి బల్లల మీద మిగిలి ఉన్న ఇద్దరు ముగ్గురు కూడా లేచి తలుపు దగ్గరికి పోయారు. బాదం ఆకు విప్పి, పెద్ద కార్జం ముక్కకి గోటితో గాటు పెట్టి, గొట్టం వంచింది. పైనున్న పులుసు వచ్చింది. మడ్డి రాలేదు. అంటుకుని ఉంది. రానంటోంది అనుకుంది, వదలనంటోంది నన్ను. అరచేత్తో గొట్టం వెనక తట్టింది, పొలమారిన పిల్లని తట్టినట్టు. వెళ్ళమ్మా అంది, పైకే అంది. మడ్డి జారి, ఎర్రటి ముక్క మధ్యలో నల్లగా పడింది.

పక్షి నోరు తెరవలేదు. ముక్కు రెండు వేళ్ళతో విడదీసి ముక్క గొంతు దాకా తోసింది. కొరికితే వేలు తెగుతుంది, తెగితే ఆ సూక్ష్మజీవులు తన నెత్తుట్లో పడతాయి, తన పాఠంలో పిల్లలకి ఎర్రగీత గీసి చెప్పే ప్రమాదం అది. కొరకనీ అనుకుంది. కొరకలేదు. ముక్క గొంతులో ఉండిపోయింది, మింగలేదు, ఊయలేదు. మెడ మీద బొటనవేలితో కిందికి రాసింది, చల్లటి ముడతల చర్మం మీద, మెల్లగా, ఇంకా మెల్లగా. రైలు ఎక్కడో ఆగింది, కదిలింది, అది జంపనో చినరావూరో చూసుకోలేదు. మింగు. మింగవే. నీకోసం ఏం ఇచ్చానో తెలుసా నీకు. వేలి కింద ఒక ముడి కదిలింది. దిగింది. లోపలికి, ఎముకల కిందికి దిగిపోయింది. వేదవతి ఖాళీ గొట్టం చేతిలో పట్టుకుని కూర్చుంది. నడుం మీద ఇన్నాళ్ళూ గాజు ఆనిన చోట గాలి తగిలి చల్లగా ఉంది. అప్పుడు వచ్చింది ఏడుపు, పంతొమ్మిదేళ్ళది, ముక్కు కారుతూ, సిగ్గు లేకుండా, కిటికీ చువ్వలు పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

"ఏం మందమ్మా అది, అంత కంపు?" అంది నాగేశ్వరమ్మ, ఏడుపు కొంచెం తగ్గనిచ్చి.

మందు పేరు ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచింది. "మా అమ్మ పిన్నీ" అంది. అన్నాక ఇక ఆగలేదు. "మీ ఊళ్ళోనే బడిలో చేసేది. ఉప్పెనలో పోయింది. దొరకలేదు. వీటి కడుపులోకే పోయుంటుంది. అక్కడిదే దాచుకున్నాను ఇన్నాళ్ళు. ఇప్పుడు దీని కడుపులో వేశాను." వింటే ఎవరైనా లేచి పక్క పెట్టెలోకి పోయే మాటలు. పోతుందనే అనుకుంది వేదవతి.

నాగేశ్వరమ్మ కాళ్ళ మధ్య ఉన్న ఎండుచేపల గంప పక్కకి జరిపింది. బల్ల పట్టుకుని, మోకాళ్ళు పట్టేస్తుంటే మూలుగుతూ, పెట్టెలో కింద చతికిలబడి రాబందు గంప దగ్గరికి జరిగింది.

"మా ఆయనా దొరకలేదమ్మా" అంది. "వల తెచ్చుకుంటానని పోయాడు. ఒకపాలి చూడనీ."

గోనె తనే తీసింది. పక్షి వాలిన తల ఎత్తలేదు, కానీ కంటి మీది పొర వెనక్కి జరిగి ఉంది. నల్లటి కన్ను, లోపలెక్కడో తడి. ఆవిడ వంగి, ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, ఆ కంట్లోకి చూసింది. ముసలి మొహం మీద భయం లేదు. కొంగు నెత్తి మీదికి లాక్కుంది, ఇంటాయన ఎదురుగా వచ్చినట్టు.

"మావా" అంది చాలా చిన్నగా. "కూడు తిన్నావా?"

పక్షి నోరు తెరిచింది.

వేదవతి బాదం ఆకులోంచి ఇంకో ముక్క తీసి ఆవిడ అరచేతిలో పెట్టింది.